మినెట్ డి సిల్వా: శ్రీలంక తొలి మహిళా ఆర్కిటెక్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీ మినెట్ డి సిల్వా?

శ్రీలంకలో ఆర్కిటెక్చర్ చదివి, సొంతంగా ఆఫీసు పెట్టుకుని, ఇళ్ళు కట్టించిన మొదటి మహిళ. 1918లో కాండీలో పుట్టారు, 1998లో అదే ఊళ్ళో కన్నుమూశారు. రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్‌లో అసోసియేట్‌గా 1948లో ఎన్నికయ్యారు. ఆసియా మహిళల్లో ఆ గౌరవం మొదట దక్కింది ఆవిడకే.

ఇలాంటి 'తొలి'లను వరసగా చెప్పుకుంటూ పోతే పరీక్షలో మార్కులు వస్తాయేమో గానీ, ఆవిడ పనేమిటో తెలియదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన వేడి దేశంలో, ఎడతెగని వానల మధ్య, పెద్ద కుటుంబాలు ఉండే ఇల్లు ఎలా ఉండాలి అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. దానికి 1951 నాటికే ఒక గట్టి జవాబు కట్టి చూపించారు. ఆ ఆలోచనకు పేరూ ప్రఖ్యాతీ మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, వేరేవాళ్ళ ద్వారా వచ్చాయి. కింది జవాబుల్లో ఎక్కువ చోటు అందుకే ఇళ్ళకు ఇచ్చాను, బిరుదులకు కాదు.

ఎలాంటి కుటుంబం?

రాజకీయాల్లో నిండా మునిగిన కుటుంబం. తండ్రి జార్జ్ ఇ. డి సిల్వా సింహళ బౌద్ధుడు, లాయరు, సిలోన్ (శ్రీలంకకు అప్పటి పేరు) నేషనల్ కాంగ్రెస్ నాయకుడు, తర్వాత మంత్రి. తల్లి ఆగ్నెస్ నెల్ బర్గర్ సమాజానికి (యూరోపియన్ల, స్థానికుల మిశ్రమ సంతతి) చెందిన క్రైస్తవురాలు. సిలోన్‌లో ఆడవాళ్ళకు ఓటు హక్కు కోసం పోరాడిన వాళ్ళలో ఆగ్నెస్ ముందు వరసలో ఉంటారు. 1928లో పాలనా సంస్కరణల కోసం బ్రిటన్ వేసిన డొనమోర్ కమిషన్ ముందు వాదన వినిపించడానికి వెళ్ళినప్పుడు, తేయాకు తోటల్లో పనిచేసే తమిళ కూలీ ఆడవాళ్ళకు కూడా ఓటు కావాలా అని అడిగితే, వాళ్ళూ ఆడవాళ్ళే కదా, అందరికీ కావాలి అన్నారట. 1931లో అక్కడ స్త్రీపురుషులందరికీ ఓటు వచ్చింది.

అక్క అనిల్ కళాచరిత్రకారిణి. అన్న ఫ్రెడ్రిక్ తర్వాతి రోజుల్లో కాండీ మేయరు అయ్యారు. ఇంటికి ఎప్పుడూ ఎవరో ఒక నాయకుడో, కళాకారుడో వస్తూనే ఉండేవారు. పరిచయాలకు లోటు లేదు. డబ్బుకు మాత్రం తర్వాత చాలా ఇబ్బంది పడ్డారు. ఈ రెండూ కలిపి చూడకపోతే ఆవిడ కెరీర్ అర్థం కాదు.

చదువుకు బొంబాయి ఎందుకు వెళ్ళారు?

సిలోన్‌లో అప్పుడు ఆర్కిటెక్చర్ నేర్పే కాలేజీయే లేదు. 1930ల చివర్లో బొంబాయి చేరి, మొదట మిస్త్రీ అండ్ భేద్వార్ ఆఫీసులో పని నేర్చుకున్నారు. అది పెరిన్ మిస్త్రీ కుటుంబ సంస్థ. 1936లో బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ నుంచి ఆర్కిటెక్చర్ డిప్లొమా తీసుకుని, భారతదేశంలో ఆ అర్హత సాధించిన మొదటి మహిళ పెరిన్. అంటే మినెట్ అడుగుపెట్టిన మొదటి ఆఫీసులోనే డ్రాయింగ్ బల్ల ముందు ఒక ఆడమనిషి ఉన్నారు. దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. తర్వాత మినెట్ కూడా జె.జె. స్కూల్లోనే చేరారు.

జె.జె. స్కూల్ నుంచి ఆవిడను తీసేశారన్న మాట నిజమేనా?

నిజమే. 1942, క్విట్ ఇండియా రోజులు. గాంధీకి మద్దతుగా జరిగిన ఊరేగింపులో పాల్గొన్నందుకు క్షమాపణ రాసి ఇమ్మన్నారు. ఇవ్వనన్నారు. చదువు అక్కడితో ఆగింది.

తర్వాత బెంగళూరులో ఏం చేశారు?

ఒటో కోనిగ్స్‌బర్గర్ దగ్గర పని. ఆయన జర్మన్ యూదుడు, నాజీల పాలన నుంచి తప్పించుకుని వచ్చి మైసూరు సంస్థానానికి ముఖ్య ఆర్కిటెక్ట్ అయ్యారు. టాటాల కోసం జంషెడ్‌పూర్ ప్లాను తయారుచేస్తున్నారు. మినెట్ ఆ పనిలో చేయి వేశారు. ఫ్యాక్టరీలో ముక్కలుగా చేసి తెచ్చి బిగించే చౌక ఇళ్ళ మీద కూడా పనిచేశారు.

బంగళాలు గీయడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు. వేలమంది కార్మికులకు నీడ ఎలా కల్పించాలి, వేడి దేశంలో గాలి ఎటు నుంచి రావాలి అన్న ఆలోచన ఆవిడకు ఇక్కడ పట్టుబడింది. పదిహేనేళ్ళ తర్వాత కాండీలో కట్టించిన కాలనీకి మూలం లండన్‌లో కంటే బెంగళూరులోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

'మార్గ్' పత్రికతో ఆవిడకేం సంబంధం?

1946లో బొంబాయిలో ఇంగ్లిష్ నవలాకారుడు ముల్క్ రాజ్ ఆనంద్ సంపాదకుడిగా మొదలైన ఈ కళల పత్రిక వ్యవస్థాపక బృందంలో మినెట్, అనిల్ ఇద్దరూ ఉన్నారు. ఆర్కిటెక్చర్ వైపు సంగతులు మినెట్ చూసుకునేవారు. తన ఆలోచనలను కాగితం మీద పెట్టింది కూడా ఎక్కువగా ఈ పత్రికలోనే.

లండన్ చదువు, లె కొర్బూజియె పరిచయం గురించి చెప్పండి.

1945లో లండన్‌లోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో చేరారు. 1947లో ఇంగ్లండ్‌లోని బ్రిడ్జ్‌వాటర్ అనే ఊళ్ళో ఆధునిక ఆర్కిటెక్టుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. యుద్ధం తర్వాత అందరూ మళ్ళీ కలిసిన మొదటి సభ అది. ఇంకా విద్యార్థినిగా ఉన్న మినెట్ చీర కట్టుకుని మార్గ్ బృందం తరఫున అందులో కూర్చున్నారు. ఆధునిక ఆర్కిటెక్చర్‌లో అందరికంటే పేరున్న ఫ్రాన్స్ ఆర్కిటెక్ట్ లె కొర్బూజియెతో పరిచయం అప్పటిదే. 1948లో పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ నగరంలో జరిగిన మేధావుల మహాసభకూ వెళ్ళారు. అక్కడ పికాసో, ముల్క్ రాజ్ ఆనంద్‌లతో ఆవిడ దిగిన ఫోటో చాలాచోట్ల కనిపిస్తుంది.

లె కొర్బూజియెతో ప్రేమ వ్యవహారం నడిచిందా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కావడం కొంచెం బాధగానే ఉంటుంది. వాళ్ళిద్దరి మధ్య ఆయన చనిపోయిన 1965 దాకా ఉత్తరాలు నడిచాయి, అవి ఆత్మీయంగా ఉంటాయి. దాని మీద కల్పనలు చాలా అల్లారు. మగ ఆర్కిటెక్టుల గురించి రాసేటప్పుడు ఎవరి ప్లాను ఎవరి మీద ప్రభావం చూపిందని అడుగుతాం. ఇక్కడా అదే అడిగితే జవాబు ఆసక్తిగా ఉంటుంది. ఇంటిని స్తంభాల మీద పైకి లేపడం, లోపల గోడలు తగ్గించడం లాంటివి ఆయన నుంచి తీసుకున్నారు. కానీ ఏ దేశంలోనైనా ఒకేలా కట్టొచ్చు అనే ధోరణిని పక్కన పెట్టారు.

1949లో అన్నీ వదిలేసి కాండీకి ఎందుకు తిరిగొచ్చారు?

1948లో సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశానికి పనికొచ్చే పని చెయ్యి, వచ్చెయ్ అని తండ్రి పట్టుబట్టారు. పెట్టుబడి లేదు, భాగస్వామి లేరు. తల్లిదండ్రుల ఇల్లు 'సెయింట్ జార్జెస్'లోనే ఆఫీసు తెరిచారు. కొలంబోలో అప్పటికే బ్రిటిష్ కాలం నుంచి నడుస్తున్న పెద్ద సంస్థలు ఉన్నాయి. ధనవంతుల పనులన్నీ అటే వెళ్ళేవి. కొండల మధ్య ఊళ్ళో ఒంటరిగా ఆఫీసు పెట్టిన ముప్ఫై ఒక్కేళ్ళ ఆడమనిషి దగ్గరికి ఎవరొస్తారు? తెలిసినవాళ్ళే వచ్చారు.

మొదటి ఇల్లు ఏది? అందులో గొప్పేముంది?

కాండీలోని కరుణరత్నె ఇల్లు, 1949-51. కట్టించుకున్నవారు ఆవిడ తల్లిదండ్రుల స్నేహితులు. శ్రీలంకలో ఒక మహిళ డిజైన్ చేసిన తొలి కట్టడం ఇదే కావడంతో, కడుతుండగానే ఊళ్ళో చర్చ మొదలైంది.

స్థలం కొండవాలు మీద ఉంది. వాలును చదును చేసి పైన డబ్బాలాంటి ఇల్లు పెట్టడం మామూలు పద్ధతి. ఆవిడ వాలును అలాగే ఉంచి, ఇంటినే మెట్లు మెట్లుగా వేర్వేరు ఎత్తుల్లో దించారు. దానివల్ల గదుల మధ్య గోడలు తక్కువైనా ఏ చోటు దేనికో తెలిసిపోతుంది. కాంక్రీటు, గాజు ఇటుకలు వాడారు. వాటి పక్కనే స్థానిక కళాకారుల పని కనిపిస్తుంది: కాండీ నృత్య భంగిమలు అచ్చువేసి కాల్చిన మట్టి పలకలు, లక్క పని, తలుపు పలకల్లో దుంబర చాపల నేత. హాల్లో గోడ మీద శ్రీలంక చిత్రకారుడు జార్జ్ కీట్ వేసిన చిత్రం.

దుంబర నేత గురించి రెండు ముక్కలు. కాండీ దగ్గర లోయ పల్లెల్లో కిత్తనార లాంటి మొక్క నార తీసి, రంగులద్ది, కొన్ని కుటుంబాలు తరతరాలుగా చాపలు నేస్తాయి. ఆ చాపను నేల మీద నుంచి లేపి, తలుపులో భాగం చెయ్యాలంటే కొలత మారాలి, నేతగాడితో కూర్చుని మాట్లాడాలి. మినెట్ ఆ పని చేశారు. తాను కూడా నేత నేర్చుకున్నారు. కట్టడం పూర్తయ్యాక గోడకు తగిలించే అలంకారంగా కాకుండా, ప్లాను గీసే రోజు నుంచే చేతివృత్తులవాళ్ళు అందులో ఉండాలి అనేది ఆవిడ పట్టుదల. నేతకు గిరాకీ ఉంటేనే నేతగాడు బతుకుతాడు అన్నది దాని వెనక ఉన్న లెక్క.

'ఆధునిక ప్రాంతీయ నిర్మాణం' అని ఆవిడ దేన్ని అన్నారు?

అప్పట్లో రెండు దారులు కనిపించేవి. ఒకటి యూరప్ నుంచి వచ్చిన తెల్లటి, చదును కప్పు డబ్బా ఇల్లు. వానాకాలం వస్తే కారుతుంది, ఎండాకాలం పొయ్యిలా మండుతుంది. రెండోది పాత గుడి శిఖరాన్నో రాజుల మండపాన్నో సిమెంటుతో పోతపోసి 'ఇది మన సంప్రదాయం' అనుకోవడం. మినెట్ రెండింటినీ కాదన్నారు. కాంక్రీటునూ స్టీలునూ వాడుకుందాం, కానీ ఇక్కడి వాతావరణం, ఇక్కడి వస్తువులు, ఇక్కడి మనుషుల అలవాట్ల నుంచే ఇంటి ఆకారం రావాలి అన్నారు. కాండీ ఇంటి గురించి 1950ల తొలినాళ్ళలోనే మార్గ్‌లో ఈ మాటలు రాశారు.

'క్రిటికల్ రీజనలిజం' అని ఇప్పుడు ఆర్కిటెక్చర్ కాలేజీల్లో చెప్పే సిద్ధాంతం దాదాపు ఇదే. ఆ పేరు 1981లో అలెగ్జాండర్ జోనిస్, లియాన్ లెఫేవ్ర్ వాడితే, 1983లో కెనెత్ ఫ్రాంప్టన్ వ్యాసంతో ప్రపంచమంతా పాకింది. మినెట్ ముప్ఫై ఏళ్ళ ముందే ఇల్లు కట్టి, దాని గురించి రాసి కూడా ఉన్నారు. సిలబస్‌లో ఆ వరస తిరగబడి కనిపిస్తుంది.

ఇది మన వాస్తు లాంటిదేనా?

కాదు. ఆవిడ చూసింది ఎండ, గాలి, వాన, నేల వాలు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, అంతే.

కొలంబోలో కట్టినవాటిలో ముఖ్యమైనది?

పియరిస్ ఇల్లు, 1952-56. కొలంబో కాండీలా చల్లగా ఉండదు, ఉక్కపోత. అందుకే ఇంటిని స్తంభాల మీదకు లేపి, కింద భాగాన్ని గాలాడే కూర్చునే చోటుగా వదిలారు. మధ్యలో 'మిదుల', అంటే మన మండువా లోగిలిలో ఆకాశం కనిపించే చోటు లాంటిది. పాత సింహళ ఇళ్ళలో పెద్దలు కూర్చునే వరండాలు, నలుగురూ చేరే ముంగిలి ఏ పనికి ఉండేవో గమనించి, ఆ పనిని కొత్త ఇంట్లోకి తెచ్చారు. పాత ఆకారాన్ని మాత్రం తేలేదు. పెళ్ళో పేరంటమో జరిగితే ఇల్లంతా ఒకటే హాలుగా తెరుచుకోవాలి, మామూలు రోజు నలుగురికి సరిపోవాలి. ఈ ప్లాన్లలో ఆ ఆలోచన మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

అదే కాలంలో కొలంబోలో సేనానాయకె ఫ్లాట్లు కూడా కట్టారు. ఒకరి పక్కన ఒకరు ఉండే అపార్టుమెంట్లలో కూడా గాలి, చెట్టు, కాస్త ఏకాంతం ఎలా దక్కించాలో అక్కడ ప్రయత్నించారు.

వటపులువ కాలనీ గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

నన్నడిగితే ఆవిడ పనుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. అందమైన ఇళ్ళు చాలామంది కట్టారు. ఇలాంటి పని 1950ల్లో చేసినవాళ్ళు తక్కువ.

కాండీ శివార్లలో, ప్రభుత్వోద్యోగుల కోసం 1958లో పూర్తైన కాలనీ. 200కు పైగా ఇళ్ళు. ఇలాంటివి వస్తే సర్కారు పద్ధతి మనకు తెలుసు: ఒక ప్లాను గీసి, దాన్నే వరసగా అచ్చేసి, తాళాలు చేతికివ్వడం. మినెట్ ముందు జనంతో కూర్చున్నారు. ప్రశ్నల కాగితాలు పంచారు. ఇంట్లో ఎంతమంది, వంట ఎలా చేస్తారు, దేవుడికో ప్రార్థనకో చోటు కావాలా, ఎంత ఖర్చు పెట్టగలరు, కట్టే పనిలో మీ చేయి ఎంత వేస్తారు? ఆ జవాబుల నుంచి రకరకాల ధరల్లో కొన్ని నమూనాలు తయారుచేసి, ఎవరి నమూనాను వాళ్ళకు తగ్గట్టు సర్దారు. కొందరు పనిలో స్వయంగా దిగారు, కొందరు కూలీలను పెట్టుకున్నారు.

సింహళులు, తమిళులు, ముస్లింలు, బర్గర్లు అదే కాలనీలో ఇరుగుపొరుగు అయ్యారు. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టం, 1958లో తమిళుల మీద దాడులు జరిగిన దేశమిది. అలాంటి సమయంలో నాలుగు సమాజాలవాళ్ళను ఒకే చోట కూర్చోబెట్టి ఇంటి గురించి మాట్లాడించడం మామూలు విషయం కాదు. కొండవాలు మీద చెట్లను వీలైనంత ఉంచి, దారులను వాలు వెంట తిప్పారు. కాలనీ ఇప్పటికీ ఉంది, మనుషులు ఉంటున్నారు. ఇళ్ళు మాత్రం యజమానులు మార్చుకుంటూ వచ్చారు. అడిగి కట్టిన ఇల్లు అవసరం మారితే మారడంలో తప్పేముంది?

ఆడమనిషి కావడం వల్ల పనిలో ఏ ఇబ్బందులు వచ్చాయి?

కాంట్రాక్టర్లు, ఇంజినీర్లు, అధికారులు ఆవిడ మాటను తేలిగ్గా తీసుకోవడం రోజూ ఉండేదే. కొత్త పద్ధతిలో కడతానంటే మగవాడైతే సాహసం అనేవారు, ఆవిడైతే అనుభవం లేదన్నారు. ప్రతి నిర్ణయాన్నీ రుజువు చేసుకోవాల్సి వచ్చేది. పైగా ఒంటరి ఆఫీసు: ఫీజు వసూలు, సైటు తనిఖీ, డ్రాయింగులు, అన్నీ తనే. పెళ్ళి చేసుకోలేదు. దాని మీద కూడా ఊరు ఊరుకోలేదు. పూలు పెట్టుకుని మంచి చీరలు కట్టే మనిషి కాబట్టి పత్రికలు చీర గురించి రాసినంత శ్రద్ధగా ప్లాను గురించి రాయలేదు.

ఆవిడ కూడా సులువైన మనిషేం కాదు. తను గీసిందానిలో ఒక్క గీత మార్చనిచ్చేవారు కాదనీ, ఆలస్యాలు జరిగేవనీ చెబుతారు. ఇవే గుణాలున్న మగ ఆర్కిటెక్టులను మేధావులని పిలిచాం.

జెఫ్రీ బావాతో పోలిక ఎందుకు వస్తుంది?

శ్రీలంక ఆర్కిటెక్చర్ అంటే ప్రపంచానికి గుర్తొచ్చేది బావా. మినెట్ కంటే ఏడాది చిన్న. ముందు లాయరు, తర్వాత లండన్‌లో చదివి 1957లో ఆర్కిటెక్ట్ అర్హత పొందారు. అప్పటికి మినెట్ ఎనిమిదేళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నారు. లోపలి ముంగిలి, ఓపెన్ హాళ్ళు, స్థానిక చేతిపనులు అని బావా గురించి మెచ్చుకునేవన్నీ అంతకు ముందే ఆవిడ ఇళ్ళలో ఉన్నాయి. డెన్మార్క్ నుంచి 1958లో ఉల్రిక్ ప్లెస్నర్ అనే యువ ఆర్కిటెక్ట్ సిలోన్ వచ్చింది మినెట్ దగ్గర పనిచేయడానికే. తర్వాత కొలంబో వెళ్ళి బావాకు ముఖ్య సహచరుడయ్యారు.

బావా ప్రతిభను తగ్గించాల్సిన పని లేదు, ఆయన నిజంగానే గొప్ప డిజైనర్. తేడా ఇంకోచోట ఉంది. ఆయన వెనక ఎడ్వర్డ్స్, రీడ్ అండ్ బెగ్ అనే పాత సంస్థ ఉంది. ఇంజినీర్లు, డ్రాయింగ్ సిబ్బంది, రాజధానిలో పెద్ద క్లయింట్లు ఉన్నారు. హోటళ్ళు వచ్చాయి, చివరికి పార్లమెంటు భవనం వచ్చింది. మినెట్‌కు వచ్చింది తెలిసినవాళ్ళ ఇళ్ళు. ఆర్కిటెక్ట్ పేరు నిలవాలంటే కట్టినవి కనిపించాలి, అవి రావాలంటే ఎవరో నమ్మి డబ్బు పెట్టాలి. ఆ నమ్మకం ఇద్దరికీ ఒకేలా దొరకలేదు.

1960ల తర్వాత ఏమయ్యారు?

పనులు తగ్గాయి. తల్లి పోయాక మనసు చెదిరింది, ఆరోగ్యం కూడా సహకరించలేదు. చాలాకాలం ప్రయాణాల్లో గడిపారు. 1973లో లండన్‌కు మకాం మార్చారు. ఆర్కిటెక్చర్ విద్యార్థులందరూ చదివే బానిస్టర్ ఫ్లెచర్ చరిత్ర గ్రంథం 1975 కూర్పులో దక్షిణాసియా భాగానికి పనిచేశారు. పాత కూర్పుల్లో ఆసియాను పక్కన పడేసిన పుస్తకం అది, కాబట్టి ఈ పని విలువ తక్కువేం కాదు.

1975 నుంచి 1979 దాకా హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో ఆసియా ఆర్కిటెక్చర్ చరిత్ర బోధించారు. తర్వాత కాండీకి తిరిగొచ్చి ఆఫీసును మళ్ళీ నిలబెట్టాలని చూశారు. అప్పటికి కాలం మారిపోయింది. ఆ దశలో మిగిలిన పెద్ద పని కాండీ కళాకేంద్రం, 1982-84.

గుర్తింపు ఎప్పుడు వచ్చింది?

శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ 1996లో బంగారు పతకం ఇచ్చింది. అప్పటికి ఆవిడకు 78 ఏళ్ళు. రెండేళ్ళకు, 1998 నవంబర్‌లో, కాండీ ఆసుపత్రిలో చనిపోయారు. ఫోటోలు, ఉత్తరాలు, ప్లాన్లు, పత్రికల ముక్కలు కలిపి ఆవిడ తయారుచేసుకున్న ఆత్మకథ ఆ ఏడాదే అచ్చయి వచ్చింది, ఆవిడ చూడకుండానే. ఇప్పుడు ఆవిడ మీద పరిశోధన చేసే ప్రతివారూ మొదట తెరిచేది దాన్నే. తన రికార్డు తను దాచుకోకపోయి ఉంటే మనకు సగం కూడా తెలిసేది కాదు.

ఇప్పుడు శ్రీలంక వెళ్తే ఏం చూడొచ్చు?

ఆవిడ కట్టినవాటిలో చాలా భాగం కూల్చేశారు, లేదా గుర్తుపట్టలేనంతగా మార్చేశారు. కొలంబోలో స్థలం ధర ముందు పాత ఇల్లు ఎక్కడా నిలబడదు. కాండీలో కొంత నయం. చెరువు పక్కన ఉన్న కళాకేంద్రానికి ఎవరైనా వెళ్ళొచ్చు, సాయంత్రం అక్కడ కాండీ నృత్య ప్రదర్శనలు జరుగుతాయి. టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళు ఎక్కువగా డప్పుల కోసమే వస్తారు. కాస్త ముందు వెళితే కప్పులనూ ముంగిలినీ తీరిగ్గా చూసుకోవచ్చు. వటపులువలో రోడ్డు వెంట నడవొచ్చు, అయితే అవి మనుషులుండే ఇళ్ళని గుర్తుంచుకోవాలి. కరుణరత్నె ఇల్లు ప్రైవేటు ఆస్తి, అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం కుదరదు.